బండి మీద బండి

మా దిక్కు బండి అనేది ఒకటే మాట. మా ఇంట్లోనే అది నాలుగు వస్తువులైంది. మా తాతకు బండి అంటే ఎద్దుల బండి. మా నాయనకు బండి అంటే పొద్దున ఏడింటికి ఊరి మీదుగా వనపర్తి పోయే బస్సు. నా కొడుక్కి బండి అంటే మోటార్‌సైకిలే, ఇంకో అర్థం తోచదు. నాకు మాత్రం వెనక ఏడడుగుల తొట్టి ఉన్న టాటా ఏస్. 2007లో కొన్నాను. అప్పటి నుంచి దాని కిరాయి మీదే ఇల్లు నడిచింది. బియ్యం బస్తాలు, బీరువాలు, పెండ్లి సామాన్లు, వినాయకుడి విగ్రహాలు, మేకలు అన్నీ ఎక్కించాను. ఎన్ని ఎక్కించినా, ఇప్పటికీ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసే పని మోటార్‌సైకిల్ ఎక్కించడం.

బీరువాను ఎక్కడ పెడితే అక్కడ కూర్చుంటుంది. మేక కాళ్లు తన్ని పెట్టి నిలబడుతుంది. మోటార్‌సైకిల్‌కు ఆ రెండు గుణాలూ లేవు. తనంతట తాను నిలవలేదు, కదలకుండా ఉండనూ లేదు. అట్లాంటి దాన్ని కదిలే ఇంకో బండి మీద కదలకుండా నిలబెట్టాలి.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు. కృష్ణ ఒడ్డున చుట్టాలున్న మాకు అది సామెతగా కంటే ముందు కండ్లముందరి ముచ్చటగానే తెలుసు. పుట్టి మీద బండి పోవడం చూశాం, బండి మీద పుట్టి పోవడం చూశాం. మోటార్‌సైకిల్ ఎన్ని రకాల బండ్లు ఎక్కిందో, దాన్ని ఎవరెవరు పట్టుకున్నారో యాది చేసుకుంటే, మా వనపర్తి దిక్కు యాభై ఏండ్ల కథ అందులోనే కనిపిస్తుంది.

నేను చూసిన మొదటిది 1975లో. నాకు తొమ్మిదేండ్లు. మాది వనపర్తికి ఎద్దుల బండిలో రెండున్నర గంటల దూరంలో ఉన్న పల్లె. పంటలు చూసి పోవడానికి వచ్చే గ్రామసేవక్‌కు ఒక రాజ్‌దూత్ ఉండేది. ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ కంపెనీ తయారు చేసిన 175 సీసీ బండి. దాని నమూనా పోలండ్ దేశానిదని చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. టూ స్ట్రోక్ ఇంజన్ కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. ఆయిల్ తక్కువైతే ఇంజన్ పట్టేస్తుంది. ఆ ఎండాకాలం మా ఊరి వాగు ఇసుకలో అదే జరిగింది. కిక్కు కొడితే కాలు దిగలేదు.

ఊళ్లో మెకానిక్ లేడు, ట్రాక్టర్ లేదు. మా తాత బండి కట్టాడు. ఆరుగురు మనుషులు రాజ్‌దూత్‌ను పసిపిల్ల ఉయ్యాలను ఎత్తినట్టు ఎత్తి బండిలో పెట్టారు. అంతకుముందే తాత బండి అడుగున రెండు మోపుల వరిగడ్డి పరిచాడు. ఎత్తిన వాళ్లు చేతులు దులుపుకుంటుంటే ఆయన మాత్రం కాడి దగ్గరికి పోయి, దాన్ని ఒక చేత్తో పైకెత్తి కిందికి దించి చూశాడు. తర్వాత రాజ్‌దూత్‌ను జానెడు ముందుకు జరపమన్నాడు. మళ్లీ కాడి ఎత్తి చూశాడు. రెండు వేళ్లు వెనక్కి జరపమన్నాడు.

"కాడి తేలొద్దు, కాడి కుంగొద్దు" అన్నాడు.

బరువు వెనకకు పడితే కాడి లేచి పలుపు ఎద్దుల గొంతు పట్టుకుంటుంది. ముందుకు పడితే కాడి మెడ మీద కూర్చుంటుంది. బరువు ఇరుసు మీదికి రావాలి. ఈ చదువు ఆయనకు ఏ బడిలోనూ చెప్పలేదు. పల్లికాయ బస్తాలు, జొన్నచొప్ప, పెంట మోసీ మోసీ వచ్చింది. ఇప్పుడు నా ఏస్‌లో బరువు ఎక్కడ ఉండాలో చూసేటప్పుడు నేను చేసేదీ అదే. కాడి లేదు కాబట్టి స్టీరింగ్ పట్టుకుని చూస్తాను. బరువంతా డాలా, అంటే తొట్టి వెనక తలుపు, దగ్గర ఉంటే ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ నీళ్లలో తెడ్డు తిప్పినట్టు తిరుగుతుంది.

మోకు తీసి తాత రాజ్‌దూత్‌కు నాలుగు చుట్లు చుట్టాడు. మోకు అంటే గడ్డి మోపులు కదలకుండా బండికి బిగించే బొటనవేలు లావు తాడు. గడ్డి మోపు బిగించిన కొద్దీ లోపలికి కుంగి తాడును పట్టుకుంటుంది. ఇనుప బండి అట్ల కుంగదు, తాడు దాని మీద జారుతుంది. తాతకు ఆ తేడా అర్థమైనట్టుంది. నా రెండు చంకలు పట్టుకుని బండిలోకి ఎక్కించి, రాజ్‌దూత్ సీటు మీద నా చేతులు పెట్టాడు.

"గట్టిగ పట్టుకో. ఇడిచినవంటే ఈపు పగుల్తది."

రెండున్నర గంటలు పట్టుకున్నాను. వనపర్తి బస్టాండు దగ్గరి మెకానిక్ కొట్టు ముందు దింపేసరికి నా వేళ్లు విప్పుకోలేదు. గ్రామసేవక్ నాకు పావలా ఇచ్చాడు. మోటార్‌సైకిల్ మోసినందుకు నేను తీసుకున్న మొదటి కిరాయి అదే.

పుట్టి సంగతి ఆ తర్వాత ఐదారేండ్లకు. మా పెద్దమ్మ వాళ్లది కృష్ణ ఒడ్డు ఊరు. జాతీయ రహదారి మీద బీచుపల్లి దగ్గర వంతెన ఉన్నా, ఒడ్డు పల్లెల వాళ్లకు అవతలి ఊరికి పోవాలంటే అంత చుట్టూ తిరిగే ఓపిక, బస్సు చార్జీ ఉండేవి కావు. పుట్టే దిక్కు. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట అది. వెనకటికి దాని అడుగుకు తోలు తొడిగేవారట. మా కాలానికి తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ సంచుల పట్టాలు వచ్చాయి. పుట్టికి ముక్కు లేదు, తోక లేదు. ఏ దిక్కు బరువెక్కువైతే అదే దాని ముందు. అందుకే పుట్టి నడిపేవాడు ముందుగా సరుకు నడిమధ్యలో పెట్టించి, తర్వాత మనుషులను చుట్టూ కూర్చోబెడతాడు. మేకలు, మూటలు, సైకిళ్లు ఎక్కేవి. 1980 తర్వాత టీవీఎస్ 50లు వచ్చాయి, వెనకనే మోటార్‌సైకిళ్లు వచ్చాయి.

మోటార్‌సైకిల్ ఎక్కించేటప్పుడు పుట్టివాడికి ఒకటే పట్టుదల: స్టాండు వేయొద్దు. స్టాండు మొన అంగుళం జాగాలో బండి బరువంతా మోపుతుంది. కింద ఉన్నది అల్లిన బుట్ట. రెండు చక్రాల కింద ఒక పలక వేసి, ఇద్దరు మనుషులు చెరో పక్క గొంతు కూర్చుని బండిని పట్టుకోవాలి. నడి ఏట్లో పుట్టి ఒక చుట్టు తిరిగితే వాళ్లూ బండితో పాటు తిరిగేవాళ్లు, చేయి మాత్రం వదిలేవాళ్లు కాదు. సైడ్ స్టాండు మీద బండి మోయకూడదని నేను మొదట విన్నది అక్కడే. విన్నాను గానీ వంటబట్టించుకోలేదు. దాని ముచ్చట తర్వాత చెబుతాను.

ఏరు దాటేటప్పటికి ప్రవాహం పుట్టిని కిందికి కొట్టుకుపోతుంది. మళ్లీ ఎదురెక్కడం కష్టం. ఒడ్డుకు చేరాక దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుని ఎగువకు నడుస్తారు. పెద్ద పుట్టి అయితే ఎద్దుల బండి మీద వేసుకుని పోతారు. సామెతలోని ఓడ బండెక్కేది అక్కడే.

శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లు నిలిచాక కొల్లాపూర్ దిక్కున కృష్ణ వెడల్పయింది, పుట్టి చాలని చోట్ల మరబోట్లు వచ్చాయి. ఆ నీళ్లకు ఊళ్లూ గుళ్లూ కదిలాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. గుడినే విప్పి మోసుకొచ్చిన నేల ఇది. అంత జాగ్రత్త ఎరిగిన ఈ ఒడ్డునే, 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. ఆ ఏడే నేను ఏస్ కొన్నది. బరువు మాట వచ్చినప్పుడల్లా ఆ వార్త నాకు యాదికొస్తుంది. 2022లో సోమశిల, సిద్ధేశ్వరాల మధ్య కృష్ణ మీద వంతెనకు కేంద్రం ఒప్పుకుంది. వంతెన మీద బండి తన చక్రాల మీదే పోతుంది. ఎవరూ పట్టుకోనక్కర లేదు.

ఇక రైలు. వనపర్తి పేరు మీద స్టేషన్ ఉంది గానీ ఊళ్లో లేదు. వనపర్తి రోడ్ అని బోర్డున్న ఆ స్టేషన్ కొత్తకోట దాటి మదనాపురం దగ్గర ఉంటుంది. సికింద్రాబాద్ నుంచి గద్వాల మీదుగా కర్నూలు పోయే దారి అది, నిజాం రైల్వే వేసింది. రైల్లో మోటార్‌సైకిల్ పోయే పెట్టెను బ్రేక్ వ్యాన్ అంటారు. అంటే మా బండ్ల కంటే చాలా ముందే మోటార్‌సైకిల్ ఎక్కిన వ్యాను అది. చిన్న స్టేషన్లో రైలు నిలిచే ఒకటి రెండు నిమిషాల్లో మోటార్‌సైకిల్ దించడం అయ్యే పని కాదు. అందుకే మావాళ్లు పెద్ద స్టేషన్లోనే దించుకుని, అక్కడి నుంచి నడుపుకుంటూ వచ్చేవాళ్లు.

రైలు వాళ్ల పద్ధతి నాకు ఇష్టం. ట్యాంకులో పెట్రోల్ చుక్క ఉండకూడదు. ఆర్‌సీ కాగితం నకలు చూపించాలి. హ్యాండిల్, ట్యాంకు, లైటు, సైలెన్సర్ అన్నింటికీ గడ్డి పెట్టి గోనెసంచి చుట్టి సుతిలి దారంతో కుట్టాలి. పంపేవాడి పేరు, చేరే స్టేషన్ పేరు రాసిన అట్ట కట్టాలి. స్టేషన్ బయట గోనెసంచులు కుట్టే మనుషులకు అదే బతుకుదెరువు. పావుగంటలో దబ్బనంతో బండికి అంగీ కుట్టేస్తారు. ఒకసారి నా దోస్తు యెజ్డీ దూరపు స్టేషన్ నుంచి వస్తే దించుకోవడానికి పోయాను. గోనె చెక్కుచెదరలేదు. విప్పితే లోపల క్లచ్ లివర్ విరిగి ఉంది. గోనె గీతలు పడకుండా కాపాడుతుంది, బండి పడకుండా కాపాడదు. బ్రేక్ వ్యాన్‌లో దాన్ని గోడకు ఆనించారే గానీ కట్టలేదు. ప్యాకింగ్ వేరు, కట్టు వేరు. ఇప్పటికీ చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు.

1984లో పద్దెనిమిదేండ్ల వాడిని లారీ క్లీనర్‌గా చేరాను. వనపర్తి మార్కెట్ యార్డు నుంచి పల్లికాయ బస్తాలు పోయేవి. పై వరుస బస్తాల మీద మనుషులు, మనుషుల మధ్య అప్పుడప్పుడు ఒక మోటార్‌సైకిల్. బస్తాల మధ్య పల్లంలో పడుకోబెట్టి, మీద తాటిపత్రి కప్పి తాడు బిగిస్తే అది బస్తాల్లో బస్తాగా పోయేది. పడుకోబెడితే బ్యాటరీలో ఆసిడ్ కారి సంచులు కాలుతాయి, ట్యాంకు మూతలోంచి పెట్రోల్ కారుతుంది. పల్లికాయకు పెట్రోల్ వాసన పడితే షావుకారు ఊరుకోడు. అందుకని పెద్ద డ్రైవర్లు నిలబెట్టమనేవారు. నిలబెడితే ఎవరు పట్టుకోవాలి? క్లీనర్. కర్నూలు దాకా ఒక ఆర్‌ఎక్స్ 100 మీద కూర్చుని, అది లారీ మీద, నేను దాని మీద పోయిన రాత్రి ఒకటుంది. చుక్కలు దగ్గరగా కనిపించాయి. కింద రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా ప్రాణం అరచేతిలోకి వచ్చింది.

ఆ రోజుల్లోనే చిన్న లారీలు వచ్చాయి. జపాన్ కంపెనీలతో కలిసి నాలుగు రకాలు దిగాయి: డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్. 1986లో టాటా 407 కూడా వచ్చింది. వాటన్నింటిలో మన తెలంగాణ జనం నాలుక మీద నిలిచింది డీసీఎం ఒక్కటే. డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. బట్టల మిల్లు పేరు! లారీలు చేసిన ఆ కంపెనీ చేయి మారి కొరియా వాళ్లదై, కార్లు చేసి, మూతపడి చాలా కాలమైంది. మా దగ్గర మాత్రం ఐషర్ వచ్చినా, టాటా వచ్చినా "డీసీఎం వచ్చింది, సామాను ఎక్కించుండ్రి" అనే అంటారు.

నేను తొంభైల్లో నడిపింది అట్లాంటి డీసీఎమ్మే. మోటార్‌సైకిల్ కోసం ప్రత్యేకంగా బండి కట్టించుకునే స్తోమత అప్పుడు ఎవరికీ లేదు. హైదరాబాద్‌లో సరుకు దించి ఖాళీగా వస్తుంటే, ఉద్యోగం బదిలీ అయినవాడి సామాన్లతో పాటు ఆయన మోటార్‌సైకిల్ వచ్చేది. మంచం, బీరువా, గ్యాస్ పొయ్యి, వాటి మధ్య బండి. పరుపులు రెండు పక్కలా నిలబెడితే సగం తిప్పలు తప్పేవి.

ఎక్కించడం ఇంకో తిప్ప. డీసీఎం తొట్టి నడుము ఎత్తుకు పైనే ఉంటుంది. ఆ విద్య మాకు పెబ్బేరు సంత నేర్పింది. పెబ్బేరులో శనివారం సంత. పశువులకు పెద్ద సంత. కొన్న ఎద్దును లారీ ఎక్కించాలంటే నలుగురు ఎత్తలేరు. మట్టిదిబ్బకు లారీ వెనక భాగం ఆనిస్తారు. ఎద్దు తన కాళ్ల మీద తానే నడిచి ఎక్కుతుంది. మోటార్‌సైకిల్‌నూ అట్లనే ఎక్కించాం. రోడ్డు కట్ట, కాలువ గట్టు, బడి అరుగు, ఏది కనిపిస్తే దానికి డాలా ఆనించేవాళ్లం. పలక లేని రోజుల్లో ఎత్తు తక్కువ చేసుకోవడమే తెలివి.

2005 మేలో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజన్, ముప్పావు టన్ను బరువు మోసే చిన్న బండి. ఛోటా హాథీ అన్నారు జనం. డీసీఎం పోలేని సందులోకి పోతుంది, ఆటో మోయలేనిది మోస్తుంది. దాని తొట్టి సుమారు ఏడడుగులు, స్ప్లెండర్ ఆరున్నర అడుగులు. కొలిచి చేసినట్టే ఉంది. బుల్లెట్ అయితే మూలకు మూల పెట్టాలి. మోటార్‌సైకిల్ కోసమే బండి మాట్లాడుకోవడం మా దిక్కు మొదలైంది దీనితోనే.

నేను కొన్నది 2007లో. తప్పు చేసింది 2008లో. హైదరాబాద్‌లో తాపీ పని చేసే ఒక తండా అబ్బాయి, వాయిదాల మీద కొన్న స్ప్లెండర్‌ను పండుగకు ఊరికి తేవాలన్నాడు. సైడ్ స్టాండు వేశాను. హ్యాండిల్‌కు తాడు చుట్టి చెయ్యి నొచ్చేదాకా బిగించాను. అయినా నమ్మకం చాలక మా అక్క కొడుకును, పదిహేడేండ్ల వాడిని, వెనక తొట్టిలో కూర్చోబెట్టాను. మా తాత నన్ను ఎక్కించినట్టే.

"గట్టిగ పట్టుకో అల్లుడా."

"నువ్వు మెల్లగ తోలు మామా."

జడ్చర్ల దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ నాకు ఆలస్యంగా కనిపించింది. బండి ఎగిరి పడింది. ఆ కుదుపుకు స్ప్లెండర్ షాకప్‌లు దిగాయి. దిగేసరికి తాడు వదులైంది. తాడు వదులైన ఆ ఒక్క క్షణంలో కొక్కెం జారింది. వందకిలోల పైచిలుకు బండి సైడ్ స్టాండు మీదుగా వాడి కాలి మీద పడింది. మడమ ఎముక విరిగింది. ట్యాంకుకు గుంత పడింది. ట్యాంకు డబ్బులు నేను కట్టాను. ఆ తండా అబ్బాయి తల్లి ఆ గుంతను కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది, తుడిస్తే పోతుందన్నట్టు. మా అక్క మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

ఆ మూడు నెలల్లో ఒకటే ఆలోచించాను. నేను బిగించింది తక్కువేమీ కాదు. మరి ఎందుకు జారింది? మెల్లగా అర్థమైంది. మోటార్‌సైకిల్‌కు షాకప్‌లు ఉన్నాయి, మా తాత బండికి లేవు. షాకప్ పైకి లేచి ఉన్నప్పుడు ఎంత బిగించినా, గుంత వస్తే అది దిగుతుంది, తాడు వదులవుతుంది. అందుకే దిగాల్సింది ముందే దించి కట్టాలి. ఇంకోటి కూడా తెలిసింది. మనిషిని కాపలా కూర్చోబెట్టామంటే మన కట్టు మీద మనకే నమ్మకం లేదన్నట్టు. మనిషి పట్టుకోవాల్సి వస్తే కట్టనట్టే లెక్క.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. పెట్రోల్ దాదాపు ఖాళీ చేయించి ట్యాప్ బంద్ చేస్తాను. అద్దాలు విప్పుతాను. ఎనిమిదడుగుల మందపాటి పలక వేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా నెట్టుకుంటూ ఎక్కిస్తాం. ఒకరు హ్యాండిల్ దగ్గర బ్రేకు మీద చెయ్యి పెట్టుకుని, ఇద్దరు వెనక. ముందు చక్రం క్యాబిన్ గోడకు ఆనాలి, మధ్యలో పాత టైరు ముక్క ఉండాలి. గేరులో వేస్తాను. స్టాండు తీసేస్తాను, పుట్టివాడు చెప్పినట్టే. బండి రెండు చక్రాల మీద నిటారుగా నిలవాలి.

ఇక తాళ్లు. హ్యాండిల్ చివర కట్టకూడదు, తిరిగిపోతుంది. హ్యాండిల్ కింద రెండు ఫోర్కులను కలిపి పట్టే ఇనుప పట్టె ఉంటుంది, అక్కడ బట్ట చుట్టి తాడు వేయాలి. ఒక తాడు ఎడమ మూలకు, ఒకటి కుడి మూలకు, ముందుకూ కిందికీ వాలుగా. తాడు మధ్యలో ఒక మెలి వేసి కన్ను తీస్తాను. కొసను కింది కొక్కేనికి తిప్పి పైకి తెచ్చి ఆ కన్నులోంచి దూర్చి కిందికి లాగుతాను. లారీ వాళ్ల ముడి ఇది. ఒక్కడి లాగుడు ఇద్దరి లాగుడంత పనిచేస్తుంది. ఎడమ కొంచెం, కుడి కొంచెం, మార్చి మార్చి లాగుతుంటే బండి తల వంచుకున్నట్టు ముందు షాకప్‌లు దిగుతాయి. సగం దిగగానే ఆపాలి. పూర్తిగా దించితే ఆయిల్ సీళ్లు పోతాయి. చివర వేసేది జారుముడి. పీటముడి వేస్తే చీకట్లో దింపేటప్పుడు తాడు కోయాల్సి వస్తుంది. వెనక చక్రం పక్కలకు ఎగరకుండా క్యారియర్ కింది ఫ్రేమ్ నుంచి చెరో తాడు, అంతే. ఇప్పుడు రాచెట్ బెల్టులు వచ్చాయి, కిటకిటమని బిగుస్తాయి. పని సులువైంది గానీ సగం దగ్గర ఆపడం మరచిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. పది కిలోమీటర్లు పోయాక ఒకసారి ఆపి చూడాలి. తాడు మొదట సాగుతుంది, తర్వాత కుదురుకుంటుంది.

ఒకసారి మా చిన్నోడు ఫోన్లో ఏదో చూపించాడు. యూరప్‌లో 1950లు, 60లలో మోటార్‌సైకిల్ పందెగాళ్లు పాత వ్యాన్లలో తమ బండ్లు వేసుకుని, అందులోనే పండుకుని, దేశం నుంచి దేశానికి పందేలకు పోయేవారట. 1965లో బ్రిటన్‌లో వచ్చిన ఫోర్డ్ ట్రాన్సిట్ అట్లాంటి వాళ్లకు ఇల్లయిందట. ఇప్పటి వాళ్లు కట్టే పద్ధతి చూశాను. ముందు మూలలకు రెండు బెల్టులు, సగం దిగిన షాకప్. "నీ లెక్కనే నాయనా" అన్నాడు వాడు. గుంత ఏ దేశంలోనైనా గుంతే. అక్కడ ఏ అల్లుడి కాలు విరిగాక నేర్చుకున్నారో.

ఈ పని మీద నాకు తెలిసిన భూగోళమంతా నంబర్ ప్లేట్ల మీదే ఉంది. మహబూబ్‌నగర్ జిల్లాగా ఉన్నప్పుడు ఏపీ 22. తెలంగాణ వచ్చాక టీఎస్ 06. 2016 అక్టోబర్ 11న వనపర్తి జిల్లా అయ్యాక టీఎస్ 32. 2024 నుంచి టీజీ 32. ఊరు కదలలేదు, నాలుగు పేర్లు మారింది. వీటి మధ్యలో ఎంహెచ్ 12 ప్లేట్లు, కేఏ ప్లేట్లు ఎక్కువ దించుతాను. అవి పుణె, బెంగళూరుల బండ్లు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. మా నాయన తరం మూటలు నెత్తిన పెట్టుకుని డ్యాములు కట్టడానికి పోయి, మూటలతోనే తిరిగొచ్చింది. వాళ్ల మనుమలు ఇప్పుడు మోటార్‌సైకిల్‌తో తిరిగొస్తున్నారు. ఆ ఇంట్లో సొంతంగా కొన్న మొదటి ఖరీదైన వస్తువు అదే అయ్యుంటుంది. అందుకే దింపేటప్పుడు ఇల్లంతా బయటికొచ్చి నిలబడుతుంది.

2020 మార్చి 25న దేశమంతా బంద్ అయినప్పుడు మనుషులు ఎట్ల పడితే అట్ల ఊరు చేరారు, బండ్లు అక్కడే నిలిచిపోయాయి. దారులు తెరిచాక పర్మిట్ తీసుకుని పుణె పోయాను. ఒకే తొట్టిలో రెండు బండ్లు. ఒకటి ముందుకు ముఖం, ఇంకొకటి వెనకకు ముఖం పెట్టి నిలబెడితే హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలవు. రెండింటి మీదా మూడు నెలల దుమ్ము. సోలాపూర్ దగ్గర ఒక పోలీసాయన ఆపి ఎవరి బండ్లని అడిగాడు. ఆర్‌సీలు, యజమానుల చీటీలు చూపించాను. ఆయన కాగితాల కంటే కట్టును ఎక్కువసేపు చూశాడు. తాడు ఒకటి లాగి చూసి, పొమ్మన్నాడు.

మాకు వానాకాలంలో ఇంకో రకం కిరాయి ఉంటుంది. మదనాపురం పైన సరళాసాగర్ ఉంది. 1959లో పూర్తయింది. నీళ్లు ఒక మట్టానికి రాగానే సైఫన్లు తమంతట తామే తెరుచుకుంటాయి, గేట్లెత్తే మనిషితో పని లేదు. తెరుచుకున్నాయంటే కింద ఊకచెట్టు వాగు పొంగి ఆత్మకూరు దారి తెగుతుంది. నీళ్లు తగ్గుముఖం పట్టాక కూడా మోటార్‌సైకిల్ సైలెన్సర్ మునిగేంత ఉంటే, ట్రాక్టర్ ట్రాలీలో బండ్లు ఎక్కించి దాటిస్తారు. నేను దాటించను. పారే నీళ్ల కింద రోడ్డు ఉందో లేదో చెప్పే తాడు ఏదీ లేదు. ట్రాలీలో పది బండ్లు, వాటిని పట్టుకుని పది మంది కుర్రాళ్లు. చూసినప్పుడల్లా నాకు పుట్టి కనిపిస్తుంది. యాభై ఏండ్ల తర్వాత కూడా చేతులే పట్టుకుంటున్నాయి.

మొన్న సంక్రాంతి ముందర ఒక విచిత్రమైన కిరాయి వచ్చింది. హైదరాబాద్ శివార్లలో ఫామ్‌హౌస్ ఉన్న ఒకాయన అలంకారానికి పాత ఎద్దుల బండి కావాలన్నాడు. మా పక్క ఊళ్లో కొట్టంలో పడి ఉన్నదాన్ని కొన్నాడు. చక్రాలు ఊడదీసి, బండిని నా ఏస్‌లో పెట్టాం. నొగ డాలా దాటి మూడడుగులు బయటికొచ్చింది, చివర ఎర్రగుడ్డ కట్టాను. అడుగున పరచడానికి వరిగడ్డి కోసం నాలుగిళ్లు తిరిగితే గానీ దొరకలేదు. మా దిక్కు ఇప్పుడు కోత మిషన్‌దే, ఎద్దులున్న ఇల్లు వెతుక్కోవాలి.

తాళ్లు వేశాను. లాగాను. అలవాటుగా సగం దగ్గర ఆపబోయి, ఆపడానికి ఏమీ లేదని యాదికొచ్చింది. ఎద్దుల బండికి షాకప్‌లు లేవు. ఎంత లాగితే అంతే బిగుస్తుంది. ఇరుసు నా వెనక చక్రాలకు కొంచెం ముందుకు వచ్చేట్టు జరిపి, క్యాబిన్లోకెక్కి స్టీరింగ్ తిప్పి చూశాను. తేలలేదు, కుంగలేదు.

అంతలో నా మనుమడు, వాడికి తొమ్మిదేండ్లు, డాలా ఎక్కి బండి అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"తాతా, నేను పట్టుకుంట. పడదు."

"దిగు" అన్నాను.

వాడు అలిగి దిగాడు. ముందు సీట్లో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. కొత్తకోట చేరేదాకా మూతి ముడుచుకునే ఉన్నాడు. అక్కడ ఆపి తాళ్లు చూడమన్నాను. ఒక్కొక్కటి లాగి చూసి వచ్చి, "గట్టిగనే ఉంది" అన్నాడు. కిరాయిలోంచి వాడికి పది రూపాయలిచ్చాను.